పరుపులు మింగిన పాట

మా అమ్మాయి చేసే పని అరవడం. ఎవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?" అనడిగితే నేను ఇంతే చెబుతాను. మా ఆయన మాత్రం ఛాతీ విరుచుకుని, "హెవీ మెటల్ పాడుతుందండీ, బ్యాండుకి ముందు నిలబడేది మా అమ్మాయే" అంటారు. అడిగినవాళ్ళు అంతా అర్థమైనట్టు తలూపి, పరుపు ధర దగ్గరికి మాట మళ్ళిస్తారు.

మాది పరుపుల కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గోదాంలో సరుకు, మేడమీద మా కాపురం. దూది ఏకడం మా ఆయన వంతు, గలీబులు కుట్టడం నా వంతు, దబ్బనం పట్టుకుని కుట్లు వెయ్యడం ఇద్దరి వంతూ. చలి మొదలవుతోందనగా మా కొట్టు ముందు జనం మూగుతారు. మిగతా ఏడాదంతా మేమున్నామనే సంగతే ఎవరికీ గుర్తుండదు. నేను చెప్పబోయేది అలాంటి ఒక చలికాలం గురించి. ఆ చలికాలం మా ఆయన పరుపులు అమ్మనని భీష్మించుకు కూర్చున్నారు.

కారణం మా అమ్మాయే. అది మొదట్లో మేడమీద గదిలో సాధన చేసేది. పక్కింటి పెద్దాయన గడియారాలు బాగుచేసి చేసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మనిషి. ఒకరోజు సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చి, "ఎవరికమ్మా ప్రాణం మీదికొచ్చింది? డాక్టర్ని పిలవనా?" అన్నాడు పాపం. ఎవరికీ ఏమీ కాలేదనీ, అది పాటేననీ, రోజూ ఉంటుందనీ చెప్పేసరికి ఆయన ప్రాణం మీదికొచ్చింది. ఆ సాయంత్రమే మా ఆయన గోదాంలో నాలుగు గోడలకీ పరుపులు నిలబెట్టారు. తలుపుకొకటి, కిటికీకొకటి. పైకప్పు కింద బొంతలు కట్టారు. లోపల బ్యాండంతా కలిసి దుమ్ము రేపినా వీధిలో చిన్న మూలుగు కూడా వినపడదు. "చూశావా నా పరుపుల తడాఖా!" అని మీసం మెలేశారు. ఆ రోజు నుంచీ గోదాం పిల్లలదైపోయింది.

పిల్లలంటే మా అమ్మాయి, గిటార్లు వాయించే ఇద్దరన్నదమ్ములు, డ్రమ్ములు వాయించే పిడుగు. పిడుగంటే ఎవరో గండరగండడు అనుకునేరు. గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు. పగలు బ్యాంకులో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా నలగకుండా విప్పి, హేంగరుకి తగిలించి, అప్పుడు కూర్చుంటాడు డ్రమ్ముల ముందు. నన్ను "పిన్నీ" అంటాడు. టీ ఇస్తే కప్పు కడిగి పెట్టే పిల్లాడు, కర్రలు చేతిలోకొస్తే మాత్రం మనిషి మారిపోతాడు.

వాళ్ళకి కాస్త పేరు తెచ్చిన పాట ఒకటుంది. ఒక్క ముక్క అర్థం కాక, "దీని సారాంశం ఏమిటే?" అనడిగాను. "నిద్ర లేవండి అనమ్మా" అంది. తల్లీతండ్రీ జనాన్ని నిద్రపుచ్చి బతుకుతుంటే, కూతురు జనాన్ని నిద్ర లేపి బతుకుతానంటోంది! మా ఇంట్లో ఎవరి వ్యాపారం వాళ్ళది.

చిన్న చిన్న హాళ్ళలో, ఫ్యాక్టరీ షెడ్లలో, ఎవరో మానేస్తే వాళ్ళ బదులుగా, ఏళ్ళ తరబడి పాడిన పిల్ల అది. ఆ చలికాలం చివర ఊరి బయట పెద్ద మైదానంలో జరిగే కచేరీకి వాళ్ళని పిలిచారు. అక్కడ బాగా పాడితే వరసగా చాలా ఊళ్ళు తిరిగి పాడే అవకాశం వస్తుందట. ఆ కబురు వచ్చిన రోజు అది మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చి, నన్ను కుట్టుమిషను ముందు నుంచి లేపి గిరగిరా తిప్పింది. నా కళ్ళజోడు ఎక్కడో ఎగిరిపడింది. దాని కళ్ళల్లో అంత వెలుగు నేనెప్పుడూ చూళ్ళేదు.

చిక్కల్లా ఒకటే. సాధన ముగించి బయటికొచ్చాక దానికి మాట వచ్చేది కాదు. టీ కావాలంటే కప్పు చూపించేది, ఆకలేస్తే పొట్ట చూపించేది. "గోదాంలో పులి, ఇంట్లో మూగనోము" అని ఏడిపించేదాన్ని. అంతసేపు అరిస్తే ఎవరికైనా అంతేగా అనుకున్నాను. ఒక ఆదివారం చిన్న హాల్లో పాడుతూ పాడుతూ మధ్యలో గొంతు చిరిగిపోయింది. మిగతా పాటంతా గిటార్లతోనే లాగించేశారట. ఇంటికొచ్చి, మెడకి శాలువా చుట్టుకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. దాని భుజాలు కదలడం చూసి, మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ గొంతులోకి సన్నటి గొట్టం పంపి చూసింది. తెర మీద మాకు కూడా చూపించింది. అంత గోల చేసే వస్తువు ఇంత చిన్నదా అని నాకు ఆశ్చర్యం వేసింది.

"బాగా వాచింది" అంది డాక్టరమ్మ. "ఇలాంటి పాటలు పాడకూడదని నేననను. పద్ధతిగా పాడి, ముసలివాళ్ళయ్యేదాకా పాడుతున్నవాళ్ళు ఉన్నారు. నీకూ పద్ధతి తెలుసని తెలుస్తూనే ఉంది. కానీ ఎందుకమ్మా గొంతుని అంత తోస్తున్నావు?"

"తోయట్లేదు డాక్టర్" అంది మా అమ్మాయి, గుసగుసగా. "అంత చేస్తేనే పాట బయటికొస్తోంది."

"ముందు కొన్నాళ్ళు మాట కూడా వద్దు. తర్వాత మెల్లగా మొదలుపెట్టు. మళ్ళీ ఇలాగే వాచిందంటే మైదానం సంగతి మర్చిపో. ఇంకా అలాగే లాగితే పాటనే మర్చిపోవాల్సొస్తుంది."

మా ఆయన దారంతా మా కంటే పదడుగులు ముందే నడిచారు. ఇంటికి రాగానే తిన్నగా గోదాంలోకి వెళ్ళి, గోడల మీద చెయ్యి పెట్టి తడుముతూ తిరిగారు. "ఇదిగో, ఇక్కడ! చల్లగాలి దూరుతోంది. పిల్ల గొంతు ఇందుకే పోయింది!" అని ఏదో పెద్ద రహస్యం ఛేదించినవాడిలా కేకేశారు. ఆ వారమంతా కూర్చుని కొత్త పరుపులు కుట్టారు. కుట్టినవన్నీ గోదాంలోకే పోయాయి. పరుపు మీద పరుపు, మందం మీద మందం. లోపల నిలబడి మాట్లాడితే నా మాట నోటి దగ్గరే రాలిపోయేది. నాకు ఊపిరాడనట్టుండేది.

ఇక ముందు కొట్టులో తమాషా చూడాలి. కొత్తగా కాపురం పెట్టిన జంట ఒకటి వచ్చింది.

"పరుపు కావాలండీ, ఇద్దరికి సరిపోయేది."

"సరుకు లేదండీ" అన్నారు మా ఆయన.

ఆ అమ్మాయి మెడ సాచి గోదాంవైపు చూసింది. "అవేంటండీ మరి, పైకప్పుదాకా ఉన్నాయి?"

"అవి పరుపులు కావమ్మా, గోడలు."

ఆ జంట ముక్కున వేలేసుకుని, ఎదురు వీధిలో కొట్టుకి పోయారు. నేను కత్తెర బల్ల మీద గట్టిగా పెట్టాను. "ఏమండీ, మనం పరుపులమ్మేవాళ్ళమా, కాపలా కాసేవాళ్ళమా?"

"పిల్ల పాడాలా వద్దా?" అన్నారు. నేను మళ్ళీ కత్తెర అందుకున్నాను. కోపం మాత్రం ఉంది.

గొంతుకి విశ్రాంతి ముగిశాక మా అమ్మాయి మెల్లగా మళ్ళీ మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదిమీ ఊపిరి బిగబట్టుకుని చూశాం. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒకరోజు గోదాంలోంచి బయటికొచ్చి, నన్ను చూసి నవ్వి, మాట్లాడబోయి ఆగిపోయింది. కప్పు చూపించింది. దానికి తెలుసు. నాకూ తెలుసు. మళ్ళీ వాస్తోంది. మైదానం కచేరీ దగ్గరికొచ్చేసింది.

మర్నాడు మా ఆయన దూదికోసం మిల్లుకి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళారో లేదో, నర్సుల హాస్టలు నడిపే ఆవిడ ఇటు వచ్చింది. చలి ముదిరిపోయింది, పిల్లలు నేల మీద పడుకుంటున్నారు, ఎన్ని ఉంటే అన్ని ఇవ్వమని నా చేతులు పట్టుకుంది. లారీ కూడా తెచ్చుకుంది.

నేను గోదాం తలుపు బార్లా తెరిచి, "అన్నీ తీసుకెళ్ళండి" అన్నాను.

కోపంతో అన్నానని మా ఆయన ఇప్పటికీ అంటారు. కోపం కొంత ఉన్నమాట నిజమే. కానీ అసలు సంగతి వేరు. పరుపుల్లేకపోతే సాధన ఉండదు, పక్కింటాయన ఊరుకోడు, పిల్ల నోరు మూసుకుంటుంది, గొంతులోని ఆ చిన్న వస్తువు చిరగకుండా మిగులుతుంది. నాకు మైదానం అక్కర్లేదు. నా కూతురు నన్ను "అమ్మా" అని నోరారా పిలవాలి, అంతే. తలుపుకున్నదీ, కిటికీకున్నదీ మాత్రం మొండికేసి మేకులకి వేలాడుతుంటే అవి వదిలేశాను. పైన బొంతలు కూడా విప్పించి పంపేశాను.

మా ఆయన తిరిగొచ్చి గోదాంలోకి తొంగిచూసి, అక్కడే నిలబడిపోయారు.

"కొంప ముంచావే!" అన్నారు.

"ముంచావే" అంది ఎదురుగోడ. ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశారు. నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడే మా అమ్మాయి, పిడుగు వచ్చారు. నేను నడుం బిగించాను. ఏమన్నా పడాలి, తిరిగి అనకూడదు అనుకున్నాను. మా అమ్మాయి నా వైపు చూడనైనా లేదు. ఖాళీ గది మధ్యలోకి నడిచి, నాలుగు వైపులా చూసింది. "అమ్మా, ఎంత పని చేశావు" అంది, బొంగురు గొంతుతో, మెల్లగా. ఆ మెల్లని మాటే తిరిగొచ్చి దాని చుట్టూ తిరిగింది.

అది తల పక్కకి వంచింది. నిద్ర లేవమనే పాట మొదటి ముక్క అందుకుంది. గట్టిగా కాదు, పిల్లని జోకొట్టేటప్పుడు పాడేంత గొంతుతో. గదంతా నిండింది. ఆపేసింది. ఇంకా తగ్గించి పాడింది. మళ్ళీ నిండింది. అరచెయ్యి గొంతు మీద పెట్టుకుని అలాగే నిలబడింది.

"పిడుగూ, ఎలా వినపడింది?"

"రోజూ కంటే పెద్దగా" అన్నాడతను.

"రోజూ పాడేదాంట్లో సగం కూడా పాడలేదు."

వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాకేమీ అర్థం కాక, "ఎవరైనా నాకు చెప్పి పుణ్యం కట్టుకోండర్రా" అన్నాను.

"ఆ పరుపులు బయటికెళ్ళే చప్పుడొక్కటే కాదు పిన్నీ, లోపలి చప్పుడు కూడా మింగేశాయి" అన్నాడు పిడుగు. "సాధనలో మైకు వాడదు కదా. తన గొంతు తనకే వినపడేది కాదు. వినపడేదాకా తోసేది. బాబాయి పరుపులు పెంచినకొద్దీ ఇంకా తోసింది. అదే అలవాటై హాల్లోనూ తోసింది."

మా ఆయన గోడకి ఆనుకుని, వట్టి నేల మీద కూలబడ్డారు. "అయితే నేనేనా..." అన్నారు.

మా అమ్మాయి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు ఈ గది ఇవ్వకపోతే నేను ఎప్పుడో మానేసేదాన్ని నాన్నా. ఇన్నాళ్ళూ వినపడలేదు. ఇవాళ వినపడింది. అంతే." ఆయన తలూపారు గానీ ఆ రోజు భోజనం సయించలేదు. అంత ప్రేమగా కట్టిన గోడలు! పరుపులన్నీ అమ్మేసినందుకు తిట్టించుకుందామని కూడా చూశాను. తిట్టలేదు.

ఆ తర్వాత డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసి, "తగ్గుతోంది. ఏం మార్చావు?" అంది. "పరుపులు" అంది మా అమ్మాయి. ఆవిడకి మొత్తం కథ చెప్పాల్సొచ్చింది. విని పడీపడీ నవ్వింది.

ఖాళీ గోదాంలో సాధన మొదలైంది. పాట సగం గొంతుతో, గిటార్లు సగం మోతతో. పిడుగు డ్రమ్ముల మీద కంబళి కప్పాడు. పక్కింటి పెద్దాయన వస్తాడని ఎదురుచూశాను, వచ్చాడు. గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు.

"ఫర్వాలేదమ్మా. ఇప్పుడు ఎవరూ చచ్చిపోతున్నట్టు లేదు. మధ్యాహ్నం నేను కాస్త నడుం వాల్చినప్పుడు మాత్రం ఈ నిద్ర లేవండి పాట వద్దని చెప్పు."

ఊరంతా గోదాంలోకి తొంగిచూసింది గానీ మా ఆయన మాత్రం ఆ గడప తొక్కలేదు. ముందు కొట్టులో కూర్చుని దూది ఏకేవారు, వచ్చినవాళ్ళకి పరుపులమ్మేవారు. కచేరీకి ముందు పిల్లలంతా మేడమీద టీ తాగుతుంటే, ఆయన మెల్లగా గొంతు సవరించుకున్నారు.

"మరి మైదానానికి గోడలుండవు కదే."

కప్పులన్నీ గాల్లో ఆగిపోయాయి. అంత పెద్ద సంగతి ఎవరికీ తట్టలేదు. పిడుగు ముందుగా తేరుకున్నాడు. "స్టేజీ మీద తనవైపు తిప్పిన స్పీకరు ఉంటుంది బాబాయ్. కానీ మా హోరులో అది ఎంత వినపడుతుందో చెప్పలేం."

మా అమ్మాయి మొహం పాలిపోయింది. కప్పు కింద పెట్టి, ఆయనవైపు తిరిగింది. "నాన్నా, నువ్వు జనం వెనక, మరీ చివర్న నిలబడు. నీకు పాటలో మాటలు తెలుసుగా. అవి నీకు స్పష్టంగా వినపడితే చెయ్యెత్తు. నీ చెయ్యి పైన ఉన్నంతసేపూ నేను తోయను."

ఎన్నాళ్ళకో ఆయన మీసం కదిలింది. "చివర్న అంటే ఎంత చివర్న?" అనడిగారు. ఆ మర్నాడు ఒంటరిగా వెళ్ళి మైదానం చూసి, నిలబడే చోటు కూడా ఎంచుకుని వచ్చారు.

కచేరీ రోజు మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి మైదానం నల్లగా ఉంది. అందరూ నల్లచొక్కాలే. నాకు మొదట భయమేసింది. చేతుల నిండా పచ్చబొట్లున్న ఒక భారీ మనిషి నన్ను చూసి, "అటు బురదగా ఉందమ్మా, ఇటు రండి" అని చెయ్యి పట్టుకుని దాటించాడు. నేల చల్లగా ఉంటుందని నేను ఇంటినుంచి ఒక దిండు తెచ్చుకున్నాను. అది వేసుకుని కూర్చున్నాను. మా ఆయన మాత్రం నిటారుగా నిలబడే ఉన్నారు.

పిల్లలు స్టేజీ ఎక్కారు. పిడుగు చొక్కా ఎక్కడ తగిలించాడో తెలీదు. మొదటి దెబ్బ పడింది. నేల అదిరింది. మా అమ్మాయి మైకు అందుకుని మొదటి ముక్క పాడింది, మాటలు స్పష్టంగా వినపడ్డాయి. మా ఆయన చెయ్యెత్తారు.

చెయ్యెత్తారు సరే, అక్కడున్న జనమంతా చేతులెత్తారు! మైదానం మొత్తం చేతులే. ఇలాంటి కచేరీల్లో అందరూ చేతులెత్తి ఊగుతారని పాడే పిల్లకి గుర్తు రాలేదు, వాయించే పిల్లలకీ గుర్తు రాలేదు, మాకైతే తెలియనే తెలియదు. పక్కన పెద్ద తెర మీద మా అమ్మాయి మొహం కనపడుతోంది. కళ్ళు వెతుకుతున్నాయి. మెడ మీద నరాలు ఒక్కొక్కటీ పైకి లేస్తున్నాయి.

"తోస్తోంది!" అన్నాను, ఆయన చొక్కా లాగి.

ఆయన గెంతారు. అరిచారు. కాలిమునివేళ్ళ మీద లేచి రెండు చేతులూ ఊపారు. ఆ అడవిలో ఆయన చేతులెవరికి కనపడతాయి? గిర్రున వెనక్కి తిరిగి, నా కిందనుంచి దిండు ఒక్క లాగు లాగారు. నేను వెల్లకిలా పడ్డాను. లేచేసరికి ఆయన ఆ తెల్లటి దిండుని నెత్తిమీద రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉన్నారు. నల్లటి జనం వెనక, మధ్యాహ్నపు ఎండలో, అదొక్కటే తెల్లగా ఉంది.

తెర మీద మా అమ్మాయి కళ్ళు ఆగాయి. నవ్వింది. భుజాలు కిందకి దిగాయి. మెడ నున్నగా అయింది. అప్పుడు విన్నాం పాట. ఖాళీ గోదాంలో విన్న గొంతే, తొందర లేకుండా, మైదానమంతా పరుచుకుంటూ వచ్చింది. ప్రతి మాటా తెలిసింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. పచ్చబొట్ల మనిషి కూడా ఏడుస్తున్నాడు, ఎందుకో మరి.

పాట తర్వాత పాట సాగింది. మా ఆయన చేతులు వణకడం మొదలైంది. పచ్చబొట్ల మనిషి జాలిపడి, "నాకివ్వండి బాబాయిగారూ, కాసేపు నేను పట్టుకుంటాను" అన్నాడు.

"వద్దు బాబూ. ఇది మా ఇంటి పని" అన్నారు మా ఆయన.

కచేరీ అయిపోయింది. అరుపులు, ఈలలు, కౌగిలింతలు. జనం మెల్లగా గేటువైపు కదిలారు. మైదానం పలచబడింది. మా ఆయన మాత్రం కదల్లేదు. స్టేజీ మెట్లు దిగి, నలుగురూ అడ్డం పడుతుంటే తప్పించుకుంటూ మా అమ్మాయి మావైపు నడవడం కనపడింది. నాకు మళ్ళీ భయం పట్టుకుంది. దగ్గరికొచ్చి నోరు తెరిచి ఆగిపోతుందేమో, కప్పు చూపిస్తుందేమో అని.

అది దగ్గరికి రాలేదు. మైదానం సగంలో ఆగి, నోటికి అటూ ఇటూ చేతులడ్డం పెట్టుకుని పిలిచింది.

"నాన్నా! అయిపోయింది. ఇంక దించు!"

గొంతులో ఒక్క జీర లేదు.

మా ఆయన దించలేదు. వినపడిందని చెప్పడానికి, వణికే చేతులతోనే, ఇంకాస్త పైకెత్తారు.